మందు, గుండు, మన్యం

మందుగుండు అన్నది మన భాషలో ఒక విచిత్రమైన సమాసం. దీపావళి రాత్రి పిల్లలు కాల్చే మతాబులూ చిచ్చుబుడ్లూ మందుగుండు సామానే. సైనికుని నడుముకు వ్రేలాడేదీ మందుగుండు సామానే. విడదీసి చూస్తే అందులో ఉన్నవి రెండే పదార్థాలు: మందు ఒకటి, గుండు ఒకటి. ద్వంద్వ సమాసమని ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడ చెప్పగలడు. కాని ఈనాటి తూటాను విప్పి చూస్తే నాలుగు కనిపిస్తాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున అమర్చిన చిన్న టోపీ, లోపల మందు, మూతికి బిగించిన గుండు. మాటలో రెండే ఉండి వస్తువులో నాలుగుండడానికి కారణం లేకపోలేదు. ఆ మాట పుట్టిన నాటికి వస్తువులోనూ రెండే ఉండేవి. ఆ రెండూ ఇంట తయారయ్యేవి. తరువాత వచ్చి చేరిన రెండూ ఇంట తయారు కావు. 1922 మొదలు 1924 వరకు మన్యంలో జరిగిన పోరాటపు గతిని ఈ చిన్న లెక్క చాలవరకు నిర్ణయించినదని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాలలో వీరుని సాహసం ఉంటుంది, దొరల క్రౌర్యం ఉంటుంది. తూటాల లెక్క మాత్రం ఉండదు.

మొదట మాటల సంగతి చూతాము. రోగికి ఇచ్చేది మందు. చేనుకు చల్లేది మందు. త్రాగుబోతు కోరేదీ మందే. తుపాకిలో పోసేదీ మందే. ఇది తెలుగువారి చమత్కారం మాత్రమే అనుకొనరాదు. కన్నడంలో మద్దు, తమిళంలో మరుందు అనే మాటలకు కూడ ఔషధమనీ తుపాకిమందనీ రెండర్థాలు ఉన్నవి. హిందూస్తానీలో దారూ అన్న పారసీక పదం ఔషధాన్నీ, తుపాకిమందునూ, మద్యాన్నీ కూడ చెబుతుంది. ఇంకా దూరం పోతే చీనా భాషలో తుపాకిమందు పేరు హువోయావో. అగ్ని ఔషధం అని దాని అర్థం. నూరడం, జల్లించడం, పాళ్ళు కలపడం చూచిన వారికి ఏ దేశంలోనైనా వైద్యుడే జ్ఞాపకం వచ్చినాడన్న మాట.

తక్కిన పదాలు ఇట్టివి కావు. తుపాకి తురుష్కుల మాట. కార్తూసు పోర్చుగీసువారు ఓడలలో తెచ్చినది. తూటా హిందూస్తానీ టోటాకు చుట్టం. సూరేకారంలోని మొదటి భాగం పారసీకపు షోరా. ఇన్ని పరాయి మాటల నడుమ మందూ, గుండూ, దట్టించడమూ మాత్రం మనవి. తుపాకి ఎక్కడినుంచి వచ్చినా దానికి పెట్టే మేత ఇంటిదే అయినందున ఆ మేత పేర్లు ఇంటి పేర్లుగానే నిలిచినవని ఊహించడం తప్పు కాదు.

నిజానికి అది ఇంటి పనే. పాతకాలపు నాటు తుపాకి మూతిలోనుంచి నింపేది. మందు పోయాలి, దానిపై గుడ్డపేలికో పీచో పెట్టి కడ్డీతో దట్టించాలి, పైన గుండు వేయాలి, అది జారిపడకుండా మళ్ళీ కొంచెం దట్టించాలి. ఇదంతా వేటగాడు చెట్టు చాటున నిలబడి చేసుకొనే పని. గుండుకు సీసం కావలెను. సీసం పొయ్యిమీద కరుగుతుంది. సీసం లేకపోతే ఇనుప ముక్కలు, చివరకు గులకరాళ్ళు కూడ గుండ్లయ్యేవి. మందులో మూడు దినుసులు: సూరేకారం, గంధకం, బొగ్గు. పాళ్ళు ఇక్కడ చెప్పబోను. చదివేవారిలో చిన్నవారున్నారు, ఆ రోటిలో చేతులు పోగొట్టుకొన్నవారు పెద్దవారిలోనూ ఉన్నారు. బొగ్గుకు కొండలలో కరవు లేదు. సూరేకారం పశువులు కట్టే నేలలోనూ పాతగోడల అడుగునా తెల్లగా పొటమరిస్తుంది. ఆ మట్టిని నీటిలో కలిపి, వడకట్టి, కాచి తీసేవారు. బీహారు నేలలో ఇది విశేషంగా లభించినందువల్లనే ఐరోపా కంపెనీలన్నీ పాట్నాలో కొట్లు పెట్టి ఓడల కొద్దీ ఎగుమతి చేసినవి. గంధకం ఒక్కటి మాత్రం బజారులో కొనవలసినదే.

ఈ తుపాకికి నిప్పు అందించే తీరు కూడ అంతే సులభం. మొదట మండే ఒత్తి. తరువాత చెకుముకి రాయి. రాయి ఉక్కును రాచి రవ్వ పుట్టిస్తే, ఆ రవ్వ గొట్టం ప్రక్కన చిన్న పళ్ళెంలో ఉన్న చిటికెడు మందును అంటుకొంటుంది. ఆ మంట ఒక బెజ్జం గుండా లోపలికి పోతుంది. వాన కురిస్తే ప్రేలదు, గాలి వీస్తే ప్రేలదు, లోపమంతా ఇక్కడనే. అయినా ఒత్తీ, రాయీ, మందూ, గుండూ అన్నీ ఊరిలోనే దొరికేవి. పాలకులు ఊరిలోని తుపాకిని లాగికొనగలరు గాని దాని మేతను ఆపలేరు.

ఆ స్థితిని మార్చినవాడు ఏ సేనాధిపతీ కాడు. స్కాట్లండులో అబర్డీన్ సమీపాన బెల్‌హెల్వీ అనే పల్లెలో చర్చి ఆచార్యుడుగా ఉన్న అలెగ్జాండర్ ఫోర్సైత్. ఆయనకు పక్షుల వేట మీద మోజు. చెకుముకి తుపాకిలో ముందు పళ్ళెంలో మంట లేచి, తరువాత గుండు వెలువడుతుంది; ఆ క్షణకాలపు మెరుపు చూచి పక్షి తప్పించుకొని పోయేది. ఈ బాధ పడలేక ఆచార్యులవారు, దెబ్బ తగలగానే ప్రేలే ఒక జాతి రసాయన లవణాన్ని తుపాకికి నిప్పుగా వాడే ఉపాయం కనిపెట్టి 1807లో దానికి పేటెంటు హక్కు పొందినారు. మంటా లేదు, పళ్ళెమూ లేదు; సుత్తి దెబ్బ చాలును. కొద్ది సంవత్సరాలలో ఆ లవణం చిన్న రాగి టోపీలోకి చేరినది. హిందూస్తానీలో అటువంటి తుపాకిని టోపీదార్ అన్నారు. (మన తెలుగులో టోపీ వేయడానికి అర్థం వేరు. ఈ కథలో ఆ అర్థమూ కొంత పనికి వస్తుంది.)

ప్రపంచంలో అంతకుముందు తుపాకి ఉన్న ప్రతి ఇల్లూ ఒక చిన్న కర్మాగారం. టోపీ వచ్చిన తరువాత ఆ ఇల్లు అంగడి మీద ఆధారపడక తప్పలేదు. బియ్యపు గింజంత రసాయనం; కాని అది రోటిలో నూరితే వచ్చేది కాదు, నూరబోతే రోలూ చేయీ రెండూ మిగలవు.

1857 నాటి తూటా ఈ మధ్య దశకు చెందినది. అది కాగితపు పొట్లం. ఒక ప్రక్క గుండు, ఒక ప్రక్క కొలిచిన మందు. సిపాయి దానిని పంటితో చించి, మందు తుపాకి మూతిలో పోసి, గుండును దట్టించి, టోపీ వేరుగా తగిలించవలెను. కాగితానికి పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం దేశమంతటా ఎంత అల్లకల్లోలం కలిగించినదో విద్యార్థులు ఎరుగుదురు. మంగళ్ పాండే బారక్‌పూరులో తుపాకి ఎత్తినది 1857 మార్చి 29. అంతగా ఎరుగనిది మరొకటి ఉన్నది. అంతకు ముందే, ఆ జనవరిలోనే, ప్రభుత్వం భయపడి, సిపాయిలు తమకు ఇష్టమైన నెయ్యో మైనమో తామే తెచ్చుకొని తూటాకు పూసుకొనవచ్చునని అనుమతించినది. ఇంటి చేయి పడితే అనుమానం పోతుందని వారి తలంపు. అప్పటికి కాలం మించిపోయినది.

ఆ పిమ్మట పదేండ్లకే కాగితం పోయి లోహం వచ్చినది. గొట్టం, టోపీ, మందు, గుండు నాలుగూ ఒక్క ముద్ద. తుపాకి వెనుకనుంచి దూర్చి మూయడమే. దట్టించే కడ్డీతో పని లేదు. ఇక్కడ చరిత్ర ఒక పరిహాసం చేసినది. లోహపు తూటా అడుగున టోపీని అమర్చడానికి రెండు పద్ధతులు ఇంచుమించు ఒకేసారి వచ్చినవి. ఒకటి ఇంగ్లండులో ఊలిచ్ ప్రయోగశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సరుది. మరొకటి అమెరికా సైనికాధికారి హైరం బెర్డానుది. బాక్సరు పద్ధతిలో టోపీ వెనుక నడిబొడ్డున ఒకే బెజ్జం ఉంటుంది. ప్రేలిన గొట్టంలో పైనుంచి ఒక సూదిని దించితే వాడిన టోపీ ఊడి వస్తుంది, క్రొత్తది తొడగవచ్చును. బెర్డాను పద్ధతిలో బెజ్జాలు రెండు, అవీ ప్రక్కలకు, సూది దిగదు. ఇంగ్లీషువాని పద్ధతి అమెరికాలోనూ, అమెరికావాని పద్ధతి ఐరోపా సైన్యాలలోనూ స్థిరపడినవి.

అందువల్ల అమెరికాలో ప్రేలిన తూటాను ఇంట మళ్ళీ నింపుకోవడం పెద్ద వ్యాపకంగా పెరిగినది. దున్నపోతుల వేటగాళ్ళు పందొమ్మిదవ శతాబ్దంలోనే మైదానాలలో మంట ప్రక్కన కూర్చుండి ఈ పని చేసేవారు. ఈనాడు అక్కడ గృహస్థులు బల్లకు ఒక మర బిగించుకొని, ప్రేలిన గొట్టాలను కడిగి, ఉబ్బిన వానిని మళ్ళీ కొలతకు నొక్కి, క్రొత్త టోపీ తొడిగి, ముద్రిత పట్టికలో చెప్పినంత మందును సన్నపు త్రాసులో తూచి పోసి, గుండు బిగిస్తారు. ఖర్చు కలిసివస్తుందని కొందరు, గురి కుదురుతుందని కొందరు చేస్తారు. కాని ఒక్క మాట గమనించవలెను. ఈ ఇంటి తూటాలో ఇంటిది కూర్పు మాత్రమే. టోపీ అంగడిది, మందు అంగడిది. మందు కూడ ఇప్పుడు సూరేకారపు నల్లమందు కాదు, కర్మాగారంలో పుట్టిన పొగలేని మందు. అంగడి మూసిన నాడు ఆ మర వట్టి ఇనుము.

మన దేశంలో ఇట్టి వ్యాపకానికి చట్టం అడ్డు నిలిచినది. లిట్టన్ దొరగారి కాలంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం దేశస్థుల తుపాకులకు సంకెల వేసినది. స్వాతంత్ర్యానంతరం 1959లో మరొకటి వచ్చినది. దాని అయిదవ సెక్షను ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకిని గాని తూటాను గాని తయారు చేయరాదు. 2019 సవరణ తరువాత ఈ నేరానికి శిక్ష ఏడేండ్లకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చును. తెల్లవారి ఏలుబడిలో తూటా పుట్టుక కూడ వారి చేతిలోనే ఉండేది. పుణె దగ్గర కిర్కీలో 1869లో తూటాల కర్మాగారం, మన పాత మద్రాసు రాజధానిలోనే నీలగిరులలో అరువన్‌కాడు వద్ద 1903లో పొగలేని మందు కర్మాగారం వెలసినవి. పశువుల కొట్టపు మట్టినుంచి వచ్చిన మందు నీలగిరి కొండలెక్కి కంచెల మధ్య కూర్చున్నది.

ఇక మన్యం. ఇక్కడ ఊరి పేరు గూర్చి ఒక హెచ్చరిక చేయవలెను. మన్యపు తిరుగుబాట్ల పాత నివేదికలలో చోడవరం అన్న పేరు తరచు కనిపిస్తుంది. మా విద్యార్థులు అది చూచి మన ఊరేనని సంబరపడడం కద్దు. అది గోదావరి మన్యంలోని రంపచోడవరం. 1922 వరకు విశాఖపట్నం జిల్లాలోనూ, తరువాత కూడ వంద ఏండ్లు అదే జిల్లాలోనూ ఉండి, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి మారిన మన చోడవరం మైదానపు ఊరు; చెరకుకూ బెల్లానికీ, స్వయంభూ విఘ్నేశ్వరునికీ పేరు పొందినది. అయినా మన్యం మనకు దూరం కాదు. మాడుగుల మీదుగా పోతే పాడేరు కనుమ. రావికమతం, రోలుగుంటల మీదుగా పోతే నర్సీపట్నం, దాని ఆవల కృష్ణదేవిపేట, చింతపల్లి.

1879 మార్చిలో రంప పితూరీ లేచినప్పుడు కొండవారి చేతిలో ఉన్నవి విల్లమ్ములూ నాటు తుపాకులే. కల్లు పన్ను, ముఠాదారుల మీద ఒత్తిడి, వడ్డీ వ్యాపారుల దావాలు ఆ తిరుగుబాటుకు కారణాలు. దానిని అణచడానికి పోలీసులు చాలక, ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లనూ ఇతర దళాలనూ పంపవలసి వచ్చినది. కొండలూ చలిజ్వరమూ కొంత కారణం కావచ్చును. కొండవాని తుపాకికి మేత ఇంటిలోనే ఉండడం కూడ కారణమని నేనంటాను. అతనికి ఎవరి అంగడితోనూ పని లేదు.

నలుబది మూడేండ్ల తరువాత స్థితి మారినది. పోడు మీద నిషేధాలు, నర్సీపట్నం నుంచి చింతపల్లి దాకా బాటకు గూడెం తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టిచాకిరి, ఇవన్నీ కలిసి రెండవ సారి కొండ కదిలినది. అల్లూరి సీతారామరాజు ఎంచుకొన్న మొదటి గురి ఖజానా కాదు, కచేరీ కాదు, పోలీసు స్టేషను. 1922 ఆగస్టు 22న మూడు వందల మందితో చింతపల్లి స్టేషను ముట్టడించి 11 తుపాకులు, 5 కత్తులు, 14 బాయొనెట్లు, 1390 తూటాలు తీసుకొన్నాడు. తీసుకొన్నదంతా స్టేషను పుస్తకంలోనే వ్రాసి సంతకం చేసినాడు. 23న కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. 24న రాజవొమ్మంగిలో 8. అక్కడ బందీగా ఉన్న వీరయ్యదొరను కూడ విడిపించినాడు. మూడు రోజులలో 26 తుపాకులు.

ఆ సంతకాన్ని గూర్చి కవులు పాడినారు, సినిమావారు చూపినారు. నాకు మాత్రం ఆ జాబితాలోని చివరి అంకె మీద దృష్టి నిలుస్తుంది. తరగతిలో లెక్కల మేష్టరుగారికి అప్పగించదగిన అంకె అది. 1390ని 11తో భాగిస్తే తుపాకికి 126 తూటాలు వస్తాయి. నాటు తుపాకి పట్టినవానికి ఈ లెక్కతో పని లేదు. అయిపోతే మళ్ళీ నూరుకొంటాడు, మళ్ళీ కరగిస్తాడు. పోలీసు తుపాకి పట్టినవానికి 126 అంటే 126. ప్రేలిన ప్రతి గొట్టమూ ఇత్తడి ముక్క. దాని అడుగున టోపీ చితికిపోయినది. మన్యంలో కమ్మరి ఉన్నాడు, సీసం కరగించేవాడున్నాడు, ఆ టోపీ చేసేవాడు లేడు. స్టేషను మీద దాడి సాహసకార్యమని అందరమూ అంటాము. అది నిజమే. దానికి తోడు అది గత్యంతరం లేని పని కూడ. తూటా పుట్టే చోటు మన్యంలో మరొకటి లేదు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు రాజు దళం చేతిలో మరణించినారు. అంతటితో ప్రభుత్వం ఈ లెక్కను బాగుగా గ్రహించినది. అది చేసిన పని చాల సాదా పని. స్టేషనులలోని ఆయుధాలను అక్కడ ఉంచడం మానుకొన్నది. అక్టోబరు 15న రాజు అడ్డతీగల స్టేషను ముట్టడించినాడు, ఆయుధాలు లేవు. 19న పట్టపగలు రంపచోడవరం స్టేషనులో ప్రవేశించినాడు, అక్కడా లేవు. సబ్ మేజిస్ట్రేటునూ సబ్ ఇన్‌స్పెక్టరునూ పిలిపించి, ప్రజలను పీడించవద్దని మందలించి వెళ్ళినాడు. ప్రజల దృష్టిలో ఇది గొప్ప విజయం, ప్రభుత్వానికి తలవంపు. తూటాల లెక్కలో మాత్రం ఆ రెండు రోజుల జమ సున్న.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలలో దళానికీ సర్కారు సేనకూ ఎదురెదురు పోరు జరిగినది. సేన వద్ద లూయిస్ తుపాకులు ఉన్నవి. వాని పైన పళ్ళెంలాంటి చక్రం ఒకటి ఉంటుంది, ఒక్కొక్క చక్రంలో 47 తూటాలు. నిమిషానికి అయిదు వందలకు పైగా కాల్చగలదు. చింతపల్లిలో అంత సాహసంతో గెలిచి తెచ్చిన 1390 తూటాలూ ఒక లూయిస్ తుపాకికి మూడు నిమిషాల మేత కూడ కాదు. ఆ రోజు చేలలో నలుగురు, ఆ రాత్రి లింగాపురం వద్ద ఎనమండుగురు దళం వారు మరణించినారు. కొన్ని తుపాకులు కూడ పోయినవి. ఆ తరువాత నాలుగు నెలలు మన్యం మాటు మణిగి ఉన్నది.

1923 ఏప్రిల్ 17న రాజు అన్నవరంలో ప్రత్యక్షమైనాడు. కొద్దిమందే వెంట ఉన్నారు. పోలీసులు లొంగిపోయినారు. స్టేషనులో ఆయుధాలు లేవు. అడ్డతీగల, రంపచోడవరం, అన్నవరం: మూడు స్టేషనులు చేతికి వచ్చినవి, మూడూ వట్టివే. ఈ వరుస చూచినప్పుడు నాకు ఆ పోరాటం గెలుపు ఓటములకన్నా బావి ఎండిపోవడంలా కనిపిస్తుంది. చేద వేసే చేతికి బలం తగ్గలేదు.

ఇందువల్ల సీతారామరాజు వ్యూహం తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొందరు చరిత్రకారులు ఆయన పద్ధతిని ఆవేశమని తేల్చివేస్తారు. నేను ఒప్పుకొనను. చేతిలో ఉన్న తుపాకికి మేత ఎక్కడ దొరుకుతుందో చూచి, సరిగా అక్కడికే, మూడు రోజులలో మూడు చోట్లకు, ఒకచోటి వార్త మరొకచోటికి చేరకముందే పోయినవాడు ఆవేశపరుడు కాడు. లెక్క తెలిసినవాడు. ఆ లెక్క అవతలివానికి కూడ తెలియడమే వచ్చిన చిక్కు.

అస్సాం రైఫిల్స్ దళం కూడ మన్యం చేరినది. 1923 సెప్టెంబరులో గాం మల్లుదొర నడింపాలెంలో పట్టువడినాడు. 1924 మే 7న రాజును కొయ్యూరు వద్ద విచారణ లేకుండానే కాల్చి చంపినారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. జూన్‌లో మల్లుదొర అన్న గంటందొర పోరులో పడిపోయినాడు. మల్లుదొరకు మొదట ఉరిశిక్ష విధించినారు, తరువాత దానిని ద్వీపాంతరవాసంగా మార్చి అండమానుకు పంపినారు. విడుదలై తిరిగి వచ్చిన ఆ కొండదొర 1952లో, స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి ఎన్నికలలో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైనాడు. ఆ సభ గడువు 1957లో తీరినది. తూటాను లైసెన్సు లేక ఇంట తయారు చేయరాదన్న చట్టం చర్చకు వచ్చేనాటికి ఆయన సభలో లేడు.